మూడు ప్లగ్గులు ఒక రకం, నాలుగోది వేరే

ప్రశ్న: ఏడాది కిందట వాడిన పెట్రోలు కారు ఒకటి కొన్నాను. నాలుగు సిలిండర్ల ఇంజను. టర్బో లేదు, గ్యాస్ కిట్టు లేదు. మీటరు మీద 82,000 కిలోమీటర్లు ఉన్నాయి. పాత యజమాని బండితో పాటు రావలసిన పుస్తకం ఇవ్వలేదు, సర్వీసు కాగితాలూ లేవు. ఈ మధ్య బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను వణుకుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ వస్తోంది. పెట్రోలుకు నిప్పు అంటించే స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే మూడింటి మీద బీకేఆర్6ఈ-11 అనీ, నాలుగో సిలిండరులో ఉన్నదాని మీద బీకేఆర్5ఈ-11 అనీ ఉంది. మూడూ లేత గోధుమ రంగులో ఉన్నాయి, నాలుగోది నల్లగా జిడ్డుగా ఉంది. ఇరిడియం అనే లోహపు కొన ఉన్న ప్లగ్గులు వేసుకుంటే మైలేజీ, పికప్ రెండూ పెరుగుతాయని దుకాణదారు అంటున్నాడు. నాలుగింటికీ 5 నంబరే వేస్తే మసి పట్టదని మా తమ్ముడు అంటున్నాడు. ఏవి కొనాలి?

సమాధానం: ఏవి కొనాలో చెబుతాను. అంతకంటే ముందు, మీరు మాటల మధ్యలో మామూలుగా చెప్పి వదిలేసిన సంగతి దగ్గర కాస్త ఆగాలి. మూడు ఒక నంబరు, నాలుగోది వేరే నంబరు, ఆ నాలుగోదే జిడ్డుగా ఉంది. ఇది పొరపాటున జరిగింది కాదని నా అనుమానం. ఎవరో తెలిసే చేశారు. ఎందుకు చేశారో తెలియాలంటే ఆ అక్షరాలూ అంకెలూ ఏం చెబుతున్నాయో చూడాలి.

మీవి ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గులు. మొదటి రెండు అక్షరాలు బీ, కే కలిసి ప్లగ్గు మర వ్యాసం 14 మిల్లీమీటర్లనీ, పానా పట్టే షట్కోణపు భాగం 16 మిల్లీమీటర్లనీ చెబుతాయి. ఆర్ అంటే లోపల రెసిస్టర్, అంటే కరెంటును కాస్త అడ్డుకునే ముక్క, ఉందని. సాధారణంగా 5 కిలో ఓముల చుట్టుపక్కల ఉంటుంది. అది లేకపోతే నిప్పురవ్వ ఎగిరిన ప్రతిసారీ రేడియోలో గరగర వినిపించడమే కాదు, ఇంజనును నడిపే కంప్యూటరుకు కూడా తప్పుడు సంకేతాలు అందవచ్చు. ఈ కాలపు కార్లకు రెసిస్టర్ లేని ప్లగ్గు వేయకూడదు. తర్వాతి అంకె వేడి శ్రేణి. ఈ అనే అక్షరం మర పొడవు 19 మిల్లీమీటర్లని సూచిస్తుంది. చివరి 11 అంటే గ్యాప్, అంటే నిప్పురవ్వ దూకే రెండు కొనల మధ్య ఎడం, 1.1 మిల్లీమీటరు. కాబట్టి మీ నాలుగు ప్లగ్గులూ కొలతల్లో అచ్చంగా ఒకటే. తేడా అంతా ఆ 6కూ 5కూ మధ్యనే ఉంది.

వేడి శ్రేణి అనే మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. వేడి ప్లగ్గు అంటే బలమైన నిప్పు ఇచ్చేది అనుకుంటారు. నిప్పుతో దానికి సంబంధం లేదు. మంట నుంచి ప్లగ్గు కొనకు ఎక్కే వేడి, పింగాణీ గుండా, ఇనుప ఒంటి గుండా, ప్లగ్గు బిగించి ఉండే ఇంజను పై భాగమైన హెడ్డులోకి దిగిపోవాలి. కొన దగ్గర పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడికి దారి దూరమై నెమ్మదిగా దిగుతుంది, కొన ఎక్కువ వేడిగా ఉంటుంది. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి చప్పున దిగిపోతుంది. అది చల్లని ప్లగ్గు. కొన ఉష్ణోగ్రత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పేరుకున్న మసి తనంతట తాను కాలిపోతుంది. 850 డిగ్రీలు దాటి ఇంకా పైకి పోతే, నిప్పురవ్వ రాకముందే ఆ కొనే నిప్పుకణికలా మారి పెట్రోలును అంటించడం మొదలుపెడుతుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట అంటుకుంటే దాని నెత్తి కరిగిపోవడానికి ఎక్కువ సేపు పట్టదు. ఇంజను తయారు చేసినవాళ్ళు ఈ రెండు హద్దుల మధ్య కొన ఉండేలా ఒక అంకె ఎంచి పెడతారు.

ఎన్‌జీకేలో అంకె చిన్నదైతే ప్లగ్గు వేడిది, పెద్దదైతే చల్లనిది. ఒక మెట్టు మారితే కొన ఉష్ణోగ్రతలో తేడా సుమారు 70 నుంచి 100 డిగ్రీలు. డెన్సో వాళ్ళదీ ఇదే పద్ధతి, అంకెలే వేరు. ఎన్‌జీకే 6కు దగ్గరగా వచ్చేది డెన్సో 20. బాష్, ఛాంపియన్ల లెక్క దీనికి తిరగబడి ఉంటుంది, అక్కడ అంకె పెరిగేకొద్దీ వేడి. ఎన్‌జీకే 6కు బాష్‌లో 7 దగ్గర, ఎన్‌జీకే 5కు బాష్ 8 దగ్గర. ఒక కంపెనీ అంకె పట్టుకుని మరో కంపెనీ పెట్టెలో వెతికేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. దుకాణాల్లో ఒక కంపెనీ ప్లగ్గుకు మరో కంపెనీది సరిచూపే పట్టికలు ఉంటాయి. వాటిని వాడుకోండి కానీ, అవి చూపేది దగ్గరి చుట్టరికం మాత్రమేనని గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ నాలుగో సిలిండరు దగ్గరికి వద్దాం. ఒక సిలిండరులోకి ఇంజన్ ఆయిల్ చేరుతుంటే ప్లగ్గు జిడ్డు పట్టి మిస్ అవుతుంది. అసలు మరమ్మతు పెద్దది, ఇంజను విప్పాలి. అందుకని ఆ ఒక్క సిలిండరుకు ఒక మెట్టు వేడి ప్లగ్గు వేస్తే, కొన కాస్త ఎక్కువ వేడిగా ఉండి కొంత ఆయిలును కాల్చేస్తుంది, బండి కొన్నాళ్ళు మాట వింటుంది. మెకానిక్కుల దగ్గర ఇది చాలా పాత ఉపాయం. బండిని అమ్మే ముందు చేసే ఉపాయం కూడా. పాత యజమాని కావాలనే చేయించాడని నేను అనను, ఆయనకు ఈ సంగతి తెలియకపోయి ఉండవచ్చు కూడా. ప్లగ్గు చెబుతున్న కథ మాత్రం అదే. ఆ ఉపాయం కూడా ఇప్పుడు పారడం లేదు, 5 నంబరు ప్లగ్గు సైతం జిడ్డు పట్టింది.

మీ తమ్ముడి సలహా దీనికి నకలే. మూడు ప్లగ్గులు లేత గోధుమ రంగులో ఉన్నాయని మీరే రాశారు. ఆ రంగు వచ్చిందంటే ఆ సిలిండర్లలో మంట సరిగ్గా ఉంది, కొన సరైన వేడిలో ఉంది అని అర్థం. బాగున్న మూడు సిలిండర్లకు లేని జబ్బుకు మందు ఎందుకు? రోజూ నాలుగు వీధులు తిరిగి ఆగిపోయే బండికి వేడి ప్లగ్గుతో ఇబ్బంది కనబడకపోవచ్చు. ఎండవేళ, నిండా మనుషులతో, గంటల తరబడి వేగంగా నడిపిన రోజున అదే ప్లగ్గు హద్దు దాటవచ్చు. మసి పట్టిన ప్లగ్గు బండిని ఆపుతుంది, అంతే. కణికలా కాగిన ప్లగ్గు పిస్టన్‌ను తింటుంది. వేడి వైపు తప్పటడుగు వేయకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మూడింటి మీద 6 ఉంది కాబట్టి 6 సరైనదే అని తేల్చేయవచ్చా? నేనైతే తేల్చను. తీసిన ప్లగ్గునే నమూనాగా జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళడం మనందరికీ అలవాటు. ఒక్క చేతిలో పెరిగిన బండికైతే పరవాలేదు. చేతులు మారిన బండిలో ఆ ప్లగ్గు సాక్షి మాత్రమే, ప్రమాణం కాదు. చివరిసారి మార్చినవాళ్ళు ఆ రోజు దుకాణంలో దొరికినదే బిగించి ఉండవచ్చు. మరలో ఇమిడినంత మాత్రాన ప్లగ్గు సరైనదైపోదు. వ్యాసం ఒకటే అయి పొడవు ఎక్కువైతే కొన సిలిండరులోకి చొచ్చుకుపోయి పిస్టన్‌కు తగలవచ్చు. తగలకపోయినా, బయటికి పొడుచుకు వచ్చిన మరలు మంటలో కాగి, మసి పట్టి, మళ్ళీ విప్పేటప్పుడు హెడ్డులోని మరలను చీల్చుకుంటూ వస్తాయి. పొడవు తక్కువైతే హెడ్డులో ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడుతుంది, తర్వాత సరైన ప్లగ్గు తెచ్చినా దిగదు. కూర్చునే చోటు కూడా చూడాలి. కొన్ని ప్లగ్గులకు వాషర్ ఉంటుంది, కొన్నింటికి వాషర్ లేకుండా శంకువు ఆకారపు అంచు ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి బిగిస్తే గ్యాసు లీకవుతుంది.

అసలు నంబరు ఎక్కడ దొరుకుతుంది? పుస్తకం పోయిందన్నారు. చాలా కంపెనీలు తమ పాత మోడళ్ళ పుస్తకాలను కూడా ఇంటర్నెట్‌లో ఉంచుతాయి. కొన్ని బండ్లకు బానెట్ కింద అంటించిన కాగితం మీద ప్లగ్గు నంబరు, గ్యాప్ రాసి ఉంటాయి. అన్నిటికంటే నమ్మదగినది ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ విడిభాగాల జాబితాలో వెతికించడం. మోడల్ పేరు, సంవత్సరం చెప్పి అడిగితే చాలదు. ఒకే పేరుతో, ఒకే ఏడాదిలో రెండు మూడు రకాల ఇంజన్లు వచ్చిన కార్లు ఎన్నో ఉన్నాయి. ప్లగ్గు కంపెనీలు కూడా ఏ ఇంజనుకు ఏది అనే జాబితాలు ప్రచురిస్తాయి. కారు కంపెనీ మాట, ప్లగ్గు కంపెనీ మాట ఒకటైతే ఇక ఆలోచించనక్కర లేదు. రెండూ వేరైతే నేను కారు కంపెనీ వైపే మొగ్గుతాను. పనిలో పనిగా ఎన్ని ప్లగ్గులు కావాలో కూడా చూసుకోవాలని మీకు చెప్పక్కర లేదనుకుంటాను, మీరు నాలుగు విప్పి చూశారు కాబట్టి. సిలిండరుకు ఒకటే ఉంటుందన్న నియమం మాత్రం లేదు. హోండా ఐ-డీఎస్ఐ ఇంజన్లలో నాలుగు సిలిండర్లకు ఎనిమిది ప్లగ్గులు ఉంటాయి. అలాంటి బండికి నాలుగే కొనుక్కుని వచ్చి తల గోక్కున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇక ఇరిడియం. దుకాణదారు చెప్పినదాంట్లో పావు వంతు నిజం ఉంది. మామూలు ప్లగ్గు కొన నికెల్ మిశ్రమంతో చేసినది, సుమారు 2.5 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. రాగి ప్లగ్గు అని పిలిచేది కూడా ఇదే, ఎందుకంటే రాగి లోపలి బొడ్డులో వేడిని లాగడానికి ఉంటుంది, నిప్పు ఎగిరే కొన నికెలే. ఇరిడియం దాదాపు 2,450 డిగ్రీల దగ్గర గానీ కరగదు, నికెల్ 1,455 డిగ్రీలకే కరుగుతుంది. ఆ గట్టిదనం వల్ల ఇరిడియం కొనను అర మిల్లీమీటరు చుట్టుపక్కల సన్నగా చేసినా చాలాకాలం అరగదు. సన్నని కొన నుంచి నిప్పు ఎగరడానికి తక్కువ వోల్టేజీ చాలు కాబట్టి ప్లగ్గుకు అధిక వోల్టేజీ అందించే కాయిల్ మీద బరువు తగ్గుతుంది. ఇవన్నీ నిజమే.

ఎంత అరుగుతుందో ఒక చిన్న లెక్క వేసుకోండి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కో ప్లగ్గు నిమిషానికి 1,500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు నిప్పు ఇస్తుంది. అదే సమయంలో బండి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతుంటే కిలోమీటరుకు వెయ్యి నిప్పులు. 40,000 కిలోమీటర్లకు నాలుగు కోట్లు. ప్రతి నిప్పూ కొన నుంచి కంటికి కనబడనంత లోహాన్ని ఎత్తుకుపోతుంది. అందుకే నికెల్ ప్లగ్గులను సాధారణంగా 30,000 నుంచి 50,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు, ఇరిడియం, ప్లాటినం ప్లగ్గులు చాలా ఇంజన్లలో లక్ష కిలోమీటర్ల వరకూ వస్తాయి. మీ ఇంజనుకు కంపెనీ చెప్పిన గడువే మీకు లెక్క.

మైలేజీ, పికప్ పెరగడం సంగతి వేరు. అరిగిపోయిన ప్లగ్గులు తీసి ఏ కొత్త ప్లగ్గు వేసినా బండి హుషారుగా పరుగెడుతుంది. ఆ గొప్ప కొత్తదనానిది, లోహానిది కాదు. బాగా పనిచేస్తున్న నికెల్ ప్లగ్గు తీసి ఇరిడియం వేస్తే మీ కాలికి తెలిసేంత తేడా రాదు. బయటి ఎలక్ట్రోడ్లు, అంటే మధ్య కొనకు ఎదురుగా ఉండే వంపు కొనలు, రెండు, మూడు, నాలుగు ఉన్న ప్లగ్గులు చూపించి ఇన్ని నిప్పులు ఒకేసారి వస్తాయని చెప్పేవాళ్ళు కూడా తగులుతారు. నిప్పు ఒకసారికి వాటిలో ఒక్కదాని మీదికే దూకుతుంది. ఒకటి అరిగితే ఇంకొకటి ఉందన్నదే వాటి లాభం.

ఇరిడియంను తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. కంపెనీయే ఇరిడియం లేదా ప్లాటినం వేసి పంపిన ఇంజనుకు నికెల్ వేసి పొదుపు చేయబోవడం తప్పు. ఒక కాయిల్ రెండు సిలిండర్లకు పనిచేసే ఏర్పాటు ఉన్న బండ్లలో ఇది మరీ ముఖ్యం. అక్కడ ప్లగ్గు పనికొచ్చే నిప్పుతో పాటు పొగ బయటికి పోయేటప్పుడు ఒక వృథా నిప్పు కూడా ఇస్తుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా జంటలో ఒక ప్లగ్గుకు కరెంటు తిరగబడి ప్రవహిస్తుంది కాబట్టి బయటి ఎలక్ట్రోడ్ కూడా త్వరగా అరుగుతుంది. అందుకే అలాంటి ఇంజన్లకు రెండు కొనలకూ విలువైన లోహం అద్దిన ప్లగ్గులు చెబుతారు. మీ బండిలో ఏ ఏర్పాటు ఉందో చూడగానే తెలుస్తుంది. ప్రతి ప్లగ్గు నెత్తిన విడిగా ఒక కాయిల్ ఉంటే వృథా నిప్పు గొడవ లేదు. ఒక దిమ్మ నుంచి నాలుగు వైర్లు వస్తుంటే ఉండే అవకాశం ఎక్కువ.

మీకు నా సలహా ఇది. కంపెనీ జాబితా కూడా ఈ నికెల్ ప్లగ్గునే, 6 నంబరునే చెబితే, ఇప్పటికి నాలుగూ అవే కొత్తవి కొనండి. ఇరిడియం వద్దు. జిడ్డు పడితే ఇరిడియం కూడా మామూలు ప్లగ్గు లాగానే చచ్చిపోతుంది. నాలుగో సిలిండరు వ్యవహారం తేలకుండా ఖరీదైన ప్లగ్గును దానికి బలి ఇవ్వడం ఎందుకు? తేలిన తర్వాత కావాలంటే అదే వేడి శ్రేణి, అదే మర, అదే గ్యాప్ ఉన్న ఇరిడియం వేసుకోండి, అభ్యంతరం లేదు. ఒక్క నాలుగోదే మార్చి ఊరుకోవడం మాత్రం వద్దు. పెట్టె తెరిచాక ఎలక్ట్రోడ్లు ఒకదానికి ఒకటి సూటిగా ఉన్నాయా, వాషర్ ఊడిరాకుండా ఒంటికి పట్టి ఉందా, అక్షరాలు గోటితో గీకితే చెదురుతున్నాయా చూడండి. నకిలీలు చాలావరకు ఈ మూడింటిలోనే దొరికిపోతాయి.

గ్యాప్ పెట్టెలోనే సరిచేసి వస్తుంది, అయినా ఆ ఎడం కొలిచే తీగ గేజితో ఒకసారి చూడటం మంచిది. తేడా ఉంటే బయటి ఎలక్ట్రోడ్‌ను మాత్రమే కాస్త వంచాలి, మధ్య ఎలక్ట్రోడ్‌ను ఆనుకుని ఏదీ తిప్పకూడదు. ఇరిడియం సన్నని కొన గట్టిదే గానీ పెళుసు, నాణెం ఆకారపు గేజి దూర్చి లాగితే విరుగుతుంది. చేతిలోంచి జారి నేల మీద పడిన ప్లగ్గును వాడకండి. ఇది నా అనుభవం. ఒకసారి కింద పడిన కొత్త ప్లగ్గును తుడిచి, గ్యాప్ చూసి, బాగానే ఉందని బిగించాను. తర్వాత రెండు వారాలు మిస్సింగ్ కోసం వెతుకుతూ కాయిల్ మార్చాను, పెట్రోలు ఫిల్టరు మార్చాను. చివరికి చూస్తే ఇనుప ఒంటి లోపల, కంటికి కనబడని చోట పింగాణీ చిట్లి ఉంది.

మీరే బిగించేటట్లయితే, ఇంజను పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. వేడి మీద అల్యూమినియం హెడ్డు మరలు ఇట్టే చెడతాయి. ప్లగ్గు గుంతల్లో దుమ్మును ముందే గాలితో ఊదేయాలి, లేకపోతే అది సిలిండరులో పడుతుంది. కొత్త ప్లగ్గును రబ్బరు గొట్టం ముక్కకు తొడిగి వేళ్ళతో తిప్పుతూ దించండి. మర తప్పితే గొట్టమే జారిపోతుంది, హెడ్డు చెడదు. వాషర్ కూర్చునే వరకూ చేత్తోనే తిరగాలి. ఆ తర్వాత కొత్త వాషర్‌కు సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానా ఉంటే ఇలాంటి 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరలకు గ్రీజు రాయకండి, రాస్తే అదే టార్క్‌కు ప్లగ్గు అవసరానికి మించి బిగుసుకుంటుంది.

ఇక ఆ జిడ్డు. కొత్తవి బిగించే ముందు నాలుగో ప్లగ్గును మరోసారి వెలుతురులో చూడండి. జిడ్డు పింగాణీ పై భాగాన, పానా పట్టే చోట ఉంటే, ఆయిలు పై నుంచి గుంతలోకి కారుతోందని అర్థం. వాల్వ్ కవరు రబ్బరు, ప్లగ్గు గొట్టం చుట్టూ ఉండే సీలు మారిస్తే పోతుంది, చిన్న పనే. ఆయిలులో నానిన కాయిల్ రబ్బరు తొడుగు మెత్తబడి ఉంటే అదీ మార్చాలి. జిడ్డు కింద, నిప్పు ఎగిరే కొన మీద ఉంటే ఆయిలు లోపలి నుంచి వస్తోంది, పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్ళో అరిగి ఉంటాయి. వేలితో తుడిస్తే పొడిపొడిగా రాలే మసి అయితే అది ఆయిలు కాదు, ఆ సిలిండరులో పెట్రోలు సరిగ్గా మండటం లేదు. అప్పుడు, మీ బండిలో ప్రతి ప్లగ్గుకూ విడి కాయిల్ ఉంటే, నాలుగో కాయిల్‌ను రెండో సిలిండరుకు మార్చి చూడండి. మిస్సింగ్ కూడా రెండో దానికి మారితే దోషం కాయిల్‌దే. పింగాణీ మీద ఇనుము మొదలయ్యే చోట లేత గోధుమ రంగు మరక కనబడితే కంగారు పడకండి. అధిక వోల్టేజీ చుట్టూ గాలిలోని ఆయిలు తుంపరలు అంటుకుని వచ్చే మరక అది, లీకు కాదు.

మిస్సింగ్‌తోనే బండిని రోజుల తరబడి తిప్పవద్దు. మండని పెట్రోలు సైలెన్సరు వైపు పోయి, దారిలో పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది. దాని ముందు నాలుగు ప్లగ్గుల ఖర్చు ఒక ఖర్చే కాదు.

కొత్తవి వేసి వెయ్యి కిలోమీటర్లు నడిపాక నాలుగూ విప్పి, ఏ సిలిండరుది ఏదో గుర్తు పెట్టుకుని వరుసగా పేర్చి చూడండి. నాలుగూ ఒకే రంగులో ఉంటే వాషర్లు అప్పటికే నలిగి ఉంటాయి కాబట్టి పన్నెండో వంతు చుట్టు మాత్రం బిగించి మరిచిపోండి. నాలుగోది మళ్ళీ కొన దగ్గర తడిసి వస్తే, సిలిండరులో ఎంత ఒత్తిడి నిలుస్తోందో చూసే కంప్రెషన్ పరీక్ష చేయించి, నాలుగు సిలిండర్ల అంకెలూ రాసి నాకు పంపండి.